నాగావళి తీరాన కొద్దిమందిమి
(ప్రసంగ పాఠం)



మా ప్రాంతాన్ని పరిచయం చేయమని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. ఇతర జిల్లాల మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "శ్రీకాకుళంలో కూడా ముస్లిములు ఉన్నారా?" ఆ ప్రశ్నకు సమాధానమే ఈ ప్రసంగం.

రాష్ట్రానికి ఈశాన్యపు కొసన, తూర్పు కనుమలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న నేల మాది. ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార, నాగావళి నదులు మా పొలాలను తడిపి సముద్రంలో కలుస్తాయి. విశాఖపట్నం జిల్లా నుండి 1950లో శ్రీకాకుళం వేరుపడింది. 1979లో విజయనగరం జిల్లా, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాయి.

ఇక్కడి శ్రమకు పేరుంది. వాలుగ చేప దవడతో దూదిని శుభ్రపరచి నేసే పొందూరు ఖద్దరు, పలాస జీడిపప్పు, బొబ్బిలి వీణ దేశమంతటికీ తెలుసు. అయినా మా చేతులకు ఊళ్లో పని చాలదు. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను నేలమట్టం చేసింది. మూత్రపిండాల వ్యాధి ఆ పల్లెలను ఏళ్ల తరబడి పీడిస్తోంది. అదే ఏడాది గుజరాత్‌లోని వీరావల్ రేవు నుండి వేటకు వెళ్లిన మా మత్స్యకారులు పాకిస్తాన్ అధికారులకు పట్టుబడ్డారు. ఏడాదికి పైగా చెరలో మగ్గి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా ఇల్లు చేరారు. కూటి కోసం వలస పోవడం కులమతాలకు అతీతంగా మా అందరి కథ.

ఇక మన సంగతి. కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడ ఫౌజుదారుగా ఉన్న షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో శ్రీకాకుళంలో జామియా మసీదు కట్టించాడు. ఉత్తర సర్కారులలో ఒకటైన చికాకోల్ సర్కారుకు ఈ పట్టణమే కేంద్రం. ఆర్కాటు నవాబైన అన్వరుద్దీన్ ఖాన్ అంతకుముందు ఇక్కడ ఫౌజుదారు. విజయనగరం బాబామెట్టపై ఖాదర్ వలీ దర్గాకు నేటికీ అన్ని మతాలవారూ వస్తారు. పైడితల్లి సిరిమాను సంబరం నాడు ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. మేము ఈ నేలకు అతిథులం కాము.

అయితే 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో సుమారు 27 లక్షల మంది, విజయనగరంలో 23 లక్షల మంది ఉన్నారు. రెండింటిలోనూ ముస్లిములు నూటికి ఒక్కరు కూడా లేరు. పిల్లలు తక్కువని ఉర్దూ బోధన ఉండదు. ఓట్లు తక్కువని ఖబరస్తాన్ ప్రహరీ గోడ ఎవరికీ గుర్తుకు రాదు. మైనారిటీల రాష్ట్రస్థాయి సభలలో సైతం మా ప్రస్తావన అరుదు. ఈ మాట నిష్ఠూరంగా కాదు, ఆత్మీయులకు చెప్పుకొనే బాధగా అంటున్నాను.

రాజ్యాంగంలోని 29, 30 అధికరణాలు సంస్కృతినీ విద్యాసంస్థలనూ కాపాడుకొనే హక్కునిచ్చాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతి కల్పించాలని 350ఎ అధికరణం చెబుతోంది. ఇంతమంది ఉంటేనే హక్కు అని వీటిలో ఎక్కడా లేదు.

ఈ న్యాయాన్ని మాకు ముందే నేర్పినవాడు మా ప్రాంతపువాడే. 1863లో శ్రీముఖలింగం సమీపాన పుట్టిన గిడుగు రామమూర్తిని వాడుక తెలుగు కోసం పోరాడినవాడిగా అందరూ స్మరిస్తారు. కొండలలోని సవరల భాషను ఆయన శ్రమపడి నేర్చుకున్నాడు. ఆ భాషలో పుస్తకాలు రాసి, సవర పిల్లలకు బడి పెట్టాడు. తలలు లెక్కపెట్టి ఉంటే ఆ పని చేసేవాడే కాదు.

అందుచేత మా యువకులకు మూడు మనవులు. ప్రతి ఊరిలోని మసీదు, ఖబరస్తాన్, వక్ఫ్ భూములను సర్వే నంబర్లతో సహా నమోదు చేయండి. 2007 చట్టం వెనుకబడిన ముస్లిం వర్గాలకిచ్చిన 4 శాతం రిజర్వేషన్‌కు అర్హులైన పిల్లలకు ధ్రువపత్రాలు చదువుల సమయానికే ఇప్పించండి. బడిలో ఉర్దూ వచ్చేదాకా ఆదివారాలైనా మసీదు వరండాలో అక్షరాలు దిద్దించండి.

సభకు మాత్రం ఒక్కటే మనవి. వచ్చే సమావేశం నాగావళి ఒడ్డున జరపండి. "అక్కడ ముస్లిములు ఉన్నారా" అని అడిగినవారికి మా ఇళ్లే జవాబు చెబుతాయి.