చిన్న దేశము - రక్షణ బాధ్యత

మన ఖరగ్‌పూరు చెంతనున్న కలైకుండ స్థావరమునకు 2007 నాటి ఒడంబడిక ననుసరించి సింగపూరు యుద్ధవిమానములు శిక్షణకై వచ్చినవి. ఏలయన, సుమారు 730 చదరపు కిలోమీటర్ల ఆ దేశమునకు తన యాకాశము చాలదు.

1965లో స్వతంత్రమైననాడు దానికి రెండు పదాతి పటాలములే యుండెను. 1967లో నిర్బంధ సైనికసేవా శాసనము గావించిరి. పదునెనిమిదేండ్లు నిండిన యువకులు రెండేండ్లు సేవచేసి, స్వవృత్తులకు మరలిన పిదపయు రిజర్వు సైనికులుగా శిక్షణకు రావలయును. అందుచే స్వల్పమగు స్థిరసైన్యము ఆపత్కాలమున బహుగుణమగును. దాని లక్ష్యము దండయాత్ర కాదు, శత్రువును సాహసింపనీయకుండుట.

అచ్చటి పౌరులైన తెలుగువారి కుమారులకును ఈ విధి తప్పదు. కన్నవారికి ఆ రెండేండ్లు అల్పమూల్యము కాదు. అయినను, దేశరక్షణము కొందరి కొలువు కాదు, అందరి బాధ్యతయని ఆ చిన్న జాతి మనకు చాటుచున్నది.