వీధి వైద్యశాల



హైదరాబాదు నగరమునందలి సోమాజిగూడను చూచినవారు, అచ్చట వైద్యమునకు కొదువ యేమని అడుగుదురు. అంతస్తుల మీద అంతస్తులుగా కార్పొరేటు ఆసుపత్రులు కలవు. ప్రక్కనే పంజాగుట్టలో, 1989 నాటి శాసనముచే ఏర్పడిన నిమ్స్ కలదు. గుండెకును, మూత్రపిండములకును శస్త్రచికిత్స చేయు నిపుణులు అచ్చట కలరు. కాని చీకటిపడు వేళ బిడ్డకు జ్వరము వచ్చినచో, కూలి చేసుకొను తల్లి ఏ తలుపు తట్టవలెను?

పూర్వము వీధిమలుపున ఒకటి రెండు గదులలో వైద్యుడు కూర్చుండెడివాడు. కాంపౌండరు మందునీరు సీసాలో పోసి, మోతాదులు తెలియుటకు కాగితపు గుర్తు అంటించి ఇచ్చెడివాడు. పని ముగించుకొని వచ్చువారికై దీపాలు పెట్టిన తరువాత కూడ ఆ తలుపు తెరచియుండెడిది. తాత ఉబ్బసమును, తల్లి మధుమేహమును ఎరిగిన వైద్యుడు, మనుమని దగ్గు వినగానే సగము రోగమును గ్రహించెడివాడు.

నగరము నడిబొడ్డున అద్దెలు పెరిగినవి. యువవైద్యులు ప్రత్యేక శాఖలవైపు మరలిరి. వృద్ధ వైద్యుని తరువాత ఆ కుర్చీలో కూర్చుండువారు అరుదైరి. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ, పెద్ద జబ్బులకు ఆసుపత్రిలో చేర్చుకొని చేయు చికిత్సను పేదలకు అందించినది. అది మేలే. కాని నెలనెల రక్తపోటు చూచుట దాని పని కాదు. చూడక విడిచిన రక్తపోటే ఒకనాడు పక్షవాతమై, మనుష్యుని పెద్ద ఆసుపత్రికి చేర్చును.

40,000 మందికొక ప్రాథమిక ఆరోగ్యకేంద్రము మొదట ఉండవలెనని భోర్ సంఘము 1946లోనే చెప్పినది. 2018 ఏప్రిల్‌లో హైదరాబాదున బస్తీ దవాఖానాలు ఆరంభమైనవి. ఒక వైద్యుడు, ఒక నర్సు, ఉచితముగా మందులు, పరీక్షలు. విరిగిన మొదటి మెట్టును తిరిగి కట్టు పని యిది. అయినను పగటివేళనే తెరచియున్నచో, దినకూలి పోగొట్టుకొననిదే రోగి రాలేడు. వైద్యుడు తరచు మారినచో కుటుంబమును ఎరుగలేడు. సాయంకాలపు వేళయు, స్థిరముగా నుండు వైద్యుడును కావలెను.

నగరములో లక్ష గ్రంథములున్నను, ఊరి గ్రంథాలయము మూతపడినచో ఊరివాని చేతికి పుస్తకము రాదు. పాతికేండ్లుగా ఈ తలుపు తెరచియుంచినవారికి వైద్యుని తలుపు విలువ వేరుగ చెప్పనక్కరలేదు. సమీప ఆరోగ్యకేంద్రములో నిత్యము వైద్యుడుండునా, మందులు దొరకునా అని పదిమంది కలిసి విచారించుట నేటినుండియే ఆరంభింపవచ్చును. అడుగువారున్న చోట తలుపు అంత సులభముగా మూతపడదు.