చిన్న కరెంటుతో పెద్ద పని



ఉగాది పచ్చడి తిని, పంచాంగ శ్రవణము విన్న వెంటనే ఈ కరెంటు పురాణమేమిటని తమరు అనుకోవచ్చును. పిల్లలకు పనికివచ్చే సంగతి ఏదైనా పది నిమిషాలు చెప్పుమని కార్యదర్శిగారి ఆజ్ఞ. నేను ఇంజనీరును కాను. మెట్రిక్ చదివి రైల్వే ఆఫీసులో కాగితాలు చూసుకొనే గుమాస్తాను. సాయంకాలం సోల్డరింగు ఐరను పట్టుకొని కూర్చోవడము మాత్రం నాకు చాలాకాలపు అలవాటు.

మన పెద్దలకు ట్రాన్సిస్టరు అంటే చేతిరేడియో. నిజానికి ఆ రేడియో లోపల ఉండే గింజంత వస్తువుది ఆ పేరు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ అనేవారు దానిని మొదట పనిచేయించినారు. వారికి, షాక్లీకి కలిపి 1956లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆ రేడియోలు అటకెక్కినవి గాని, ఆ గింజ అవసరము తీరలేదు.

మా క్వార్టర్ల వరుసలో ఒక హైస్కూలు కుర్రవాడున్నాడు. పూలకుండీలో మట్టి ఆరగానే దానంతట అదే నీళ్లు పోసే యంత్రము చేయాలని వాడి సంకల్పము. ఆర్డుయినో పలక తెచ్చి, 12 వోల్టుల పంపు తీగలను తిన్నగా దానికే తగిలించినాడు. పంపు తిరగలేదు సరిగదా, పలకమీద ఆ కాలు కాలిపోయినది. "ఇక ఈ ఆటలు కట్టిపెట్టు" అని తండ్రిగారి తీర్పు. ఆ తీర్పుపై అప్పీలే నా ప్రసంగము.

ఆర్డుయినో యూనోలో ఉండే ఏటిమెగా 328పి అనే మైక్రోకంట్రోలరు 5 వోల్టులతో పనిచేస్తుంది. దాని ఒక్కొక్క కాలు నుంచి 20 మిల్లీ ఆంపియర్ల వరకు తీసుకొనుట క్షేమము, 40 దాటరాదు. చిన్న పంపుకైనా అంతకు ఎన్నో రెట్లు కావలెను. మరి దారి ఏమిటి? చెరువు తూమును చూడండి. తలుపు ఎత్తే మనిషి నీటిని తోయడు. తలుపు ఎత్తుతాడు, అంతే. పొలానికి పారే బలమంతా చెరువుది. ట్రాన్సిస్టరు అటువంటి తూము. బేసు అనే కాలికి కొద్ది కరెంటు ఇస్తే, కలెక్టరు నుంచి ఎమిటరుకు పెద్ద కరెంటు పారుతుంది.

ఒక లెక్క చూద్దాము. 12 వోల్టుల చిన్న రిలేలో చుట్ట 400 ఓములైతే, అది తీసుకొనేది 30 మిల్లీ ఆంపియర్లు. బి.సి.547 ట్రాన్సిస్టరు 100 వరకు మోయగలదు. చుట్ట ఒక కొన 12 వోల్టులకు, రెండవ కొన కలెక్టరుకు, ఎమిటరు భూమి తీగకు కలపవలెను. తూము పూర్తిగా తెరుచుకొనుటకు, బేసుకు పదవవంతు, అనగా 3 మిల్లీ ఆంపియర్లు ఇవ్వవలెను. పలక కాలికి, బేసుకు నడుమ 1 కిలో ఓము రెసిస్టరు పెడితే 4.3 వస్తుంది. చాలును. ఆ రిలే పంపును నడుపుతుంది.

ఇక మూడు జాగ్రత్తలు. మొదటిది: పలక భూమి తీగ, 12 వోల్టుల సప్లయి భూమి తీగ ఒకటిగా కలిసి ఉండవలెను. లేకపోతే బేసు కరెంటుకు తిరుగుదారి ఉండదు. రెండవది: చుట్టలో కరెంటు ఆపిన క్షణంలో అది ఎదురుతన్ని, పెద్ద వోల్టేజీ పుట్టించి ట్రాన్సిస్టరును చంపుతుంది. అందుకు చుట్టకు అడ్డముగా 1ఎన్4007 డయోడు, గీత ఉన్న కొన 12 వోల్టుల వైపు ఉండేట్లు పెట్టవలెను. మూడవది మా రైల్వే నేర్పే పాఠము. ట్రాక్ సర్క్యూట్టులో పట్టాలమీద పారే స్వల్ప కరెంటు రిలేను పట్టి ఉంచుతుంది. బండి చక్రాలు వచ్చినా, తీగ తెగినా రిలే పడిపోయి, సిగ్నలు ఎర్రదీపము చూపుతుంది. లోపము వచ్చినప్పుడు క్షేమము వైపే పడవలెనన్నది సూత్రము. అట్లే బేసు నుంచి భూమికి 10 కిలో ఓముల రెసిస్టరు పెడితే, పలక ఆజ్ఞ ఇవ్వనంతసేపు పంపు ఆగే ఉంటుంది.

పిల్లలారా, ఒక్క హద్దు దాటవద్దు. ఇంటి గోడలోని 230 వోల్టులు ఈ ఆటలోనివి కావు. బావి మోటారు బయలుదేరేటప్పుడు నడకలోని కరెంటుకు అనేక రెట్లు లాగుతుంది. ఈ చిన్న రిలే చాలదు. ఆ పనికి కాంటాక్టరు, మూతపెట్టె, తెలిసిన ఎలక్ట్రీషియను కావలెను. మీ చేతులు 12 వోల్టుల వద్దనే ఉండనీయండి.

తల్లిదండ్రులకు నా మనవి. బడిలో పిల్లలు కన్నడములో, ఇంగ్లీషులో చదువుతున్నారు. ఇంటివద్ద పక్కన కూర్చుండి, "ఏదిరా, ఈ తీగ ఎటు పోతుంది?" అని తెలుగులో అడగండి. చెప్పగలిగితే వాడికి అర్థమైనట్లే. చెప్పలేకపోతే స్విచ్చి వేయకముందే తప్పు బయటపడుతుంది. కాలిన పలకకు మరొకటి కొనవచ్చును. నేర్చుకోవాలనే కోరిక ఆరిపోతే మాత్రము తిరిగి రగిలించడము కష్టము.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.  సెలవు.