యుద్ధం సినిమాలో మన పేరు ఎక్కడ?
(కశింకోటలో యువతీ యువకుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము సినిమాల గురించి మాట్లాడదలచుకున్నాం. వినోదం కోసం కాదు, చరిత్ర కోసం.

1964లో ‘జులు’ అనే ఇంగ్లీషు సినిమా వచ్చింది. దర్శకుడు సై ఎండ్‌ఫీల్డ్. 1879 జనవరి 22, 23 తేదీల్లో దక్షిణాఫ్రికాలోని రోర్క్స్ డ్రిఫ్ట్ అనే చోట జరిగిన పోరాటం దాని కథ. సుమారు 150 మంది బ్రిటిష్ సైనికులు వేల మంది జులు వీరులను ఎదిరించి నిలిచారు. వారిలో 11 మందికి విక్టోరియా క్రాస్ ఇచ్చారు. సినిమా బాగా తీశారు, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కానీ ఒక్కసారి ఆలోచించండి. తెల్ల సైనికులకు పేర్లున్నాయి, భయాలున్నాయి, హాస్యం ఉంది. కొండ మీద బారులు తీరిన జులు వీరుల్లో ఎవరి ఇల్లు ఎక్కడో, ఎవరి తల్లి ఎవరో మనకు తెలియదు. వారి రాజు సెటెవాయో పాత్రను ఆ రాజు మునిమనవడే అయిన మంగోసుతు బుతెలెజి వేశారు. ఆయనా కాసేపే కనిపిస్తారు. తమ దేశం మీదికి ఎవరు దండెత్తి వచ్చారో, ఎందుకు వచ్చారో సినిమా చెప్పదు. అదే రోజు ఇసాండ్ల్‌వానాలో జులు సేన బ్రిటిష్ దండును తుడిచిపెట్టింది. దాని మీద వేరే సినిమా 1979లో గానీ రాలేదు. చివర్లో జులు వీరులు తెల్ల సైనికులకు వందనం చేసి వెళ్ళినట్టు చూపించారు. అది కల్పన. పోరు ముగిశాక గాయపడి పడి ఉన్న జులువారిని చంపిన మాట నిజం. అది మాత్రం తెర మీద లేదు.

ఇప్పుడు 1879 అనే ఆ ఏడాదిని గుర్తు పెట్టుకోండి. ఆ జనవరిలో ఆఫ్రికాలో యుద్ధం జరిగితే, మార్చిలో మన రంపలో తిరుగుబాటు మొదలైంది. కల్లు గీతపై చిగురుపన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల ఆగడాలు భరించలేక మనవాళ్ళు లేచారు. ఆ నిప్పు గోదావరి మన్యం దాటి ఇక్కడి గొలుగొండ కొండలకూ పాకింది. అణచడానికి మద్రాసు పటాలాలు దిగాయి. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య 1880లో ప్రాణాలిచ్చారు. ఎందరినో అండమాన్‌కు పంపారు. దొరలు దీనికి ‘ఫితూరీ’ అని పేరు పెట్టారు. ఈ రోజు ఆ మాట అంటే చాడీ అని అర్థం. మన యుద్ధానికి పేరు పెట్టే హక్కు కూడా మనకు లేకపోయింది!

43 ఏళ్ళ తర్వాత మళ్ళీ లేచాం. అడవి చట్టాలు, చాలీచాలని కూలికి రోడ్డు పని, అధికారుల దౌర్జన్యం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. సెప్టెంబరులో దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు చనిపోయారు. 1924 మే 7న అల్లూరి సీతారామరాజు గారు అమరులయ్యారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

దీని మీద 1974లో కృష్ణ గారు ‘అల్లూరి సీతారామరాజు’ తీశారు. అది ఆయన నూరవ సినిమా, తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రం. చింతపల్లి ప్రాంతంలోనే షూటింగ్ చేశారు. అందులో పాటకు శ్రీశ్రీ గారికి జాతీయ పురస్కారం వచ్చింది. రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య గారిని ఎవరు మరచిపోతారు? ‘జులు’లో కెమెరా తెల్లవారి పక్కన నిలబడితే, ఈ సినిమాలో మన పక్కన నిలబడింది. అందుకు మేము ఎప్పటికీ కృతజ్ఞులం.

అయినా ఒక లోటు ఉంది. సినిమా అయ్యాక జనానికి గుర్తున్నది ఒక్కరి పేరే. గాం గంటందొర 1924 జూన్‌లో ప్రాణం ఇచ్చాడు. తమ్ముడు మల్లుదొరకు ఉరిశిక్ష పడి, అది యావజ్జీవంగా మారి, అండమాన్ చేరాడు. ఆ మల్లుదొరే 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఉరికంబం నుంచి పార్లమెంటు దాకా నడిచిన మనిషి కథ ఇది. మనలో ఎంతమందికి తెలుసు? సీతారామరాజు గారిని తగ్గించమని మేము అనడం లేదు. అన్నం పెట్టిన తల్లులు, దారి చూపిన కుర్రాళ్ళు, పట్టుబడినా నోరు విప్పని ముఠాదారులు లేకుండా రెండేళ్ళ పోరు సాగేదా?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, యుద్ధం సినిమా ఏది చూసినా మూడు ప్రశ్నలు అడగండి. ఎవరికి పేర్లు ఉన్నాయి? యుద్ధం ఎందుకు వచ్చిందో చెప్పారా? చివరి తుపాకీ పేలాక ఓడినవాళ్ళకు ఏమైందో చూపించారా?

ఆ తర్వాత సెల్‌ఫోను తీసుకుని మీ ఊరి ముసలమ్మ దగ్గర కూర్చోండి. మీ తాతలు ఏ ముఠావారో, ఎవరు జైలుకు వెళ్ళారో, ఏ పాట పాడేవారో అడిగి, ఆమె మాటల్లోనే, మన భాషలోనే రికార్డు చేయండి. ఊరు, తేదీ, చెప్పినవారి పేరు రాసి పెట్టండి. పెద్ద సినిమా తీయడానికి కోట్లు కావాలి. ఒక పేరు నిలబెట్టడానికి ఒక సాయంత్రం చాలు. ఆ పెద్దలు వెళ్ళిపోతే ఆ సాయంత్రం మళ్ళీ రాదు.

జై ఆదివాసీ!