ఆట ఎక్కడ తిరగబడుతుంది?

(అరసవల్లిలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతవరకు కరువు భత్యం లెక్కలు విన్నారు. ఇక కాసేపు చెడుగుడు లెక్కలు వినవలసిందిగా మనవి. ఆటల్లో ఎత్తుగడల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నాకు పావుగంట ఇచ్చారు.

ఓడిపోతున్న జట్టు ఉన్నట్టుండి పుంజుకుంటే "వాళ్ళ టైము బాగుంది" అనేసి ఊరుకుంటాం. నేను దీనికి ఒప్పుకోను. మనలో మెల్‌బోర్న్‌లో పిల్లలున్నవారు అక్కడి ఫుట్‌బాల్ చూసే ఉంటారు. జట్టుకు 18 మంది, కోలబంతి, చేత్తో గుద్ది కూడా అందించవచ్చు. 1970 ఫైనల్లో సగం ఆట అయ్యేసరికి కార్ల్‌టన్ జట్టు కాలింగ్‌వుడ్ కంటే 44 పాయింట్లు వెనుకబడి ఉంది. విరామంలో కోచ్ బరాసీ, బంతి పట్టుకుని నిలబడి తన్నడం మాని, చేత్తో పక్కవాడికి గుద్ది పరుగెత్తమన్నాడు. ఆట వేగం మారిపోయింది. కార్ల్‌టన్ 10 పాయింట్లతో గెలిచింది. అందులో టైము ఎంతుందో, ఎత్తుగడ ఎంతుందో మీరే చెప్పండి.

అయితే ఆ ఆటలో వెనుకబడిన జట్టుకూ 18 మందీ మైదానంలోనే ఉంటారు. మన చెడుగుడులో అలా కాదు. వెనుకబడితే మనుషులే తగ్గిపోతారు. చిన్నప్పుడు "చచ్చాడు", "బతికాడు" అనేవాళ్ళం కదా, ఆ రెండు మాటల్లోనే ఆటంతా ఉంది. అవతలివాడు ఒకడు చస్తే మనవాడు ఒకడు బతికి లోపలికొస్తాడు. బోనస్ గీత తొక్కితే పాయింటు వస్తుంది గాని మనిషి రాడు. ఈ తేడా తెలియకపోతే పాయింట్ల పలక చూస్తూ మోసపోతాం.

ఇంకో చమత్కారం చూడండి. పట్టేవాళ్ళు ముగ్గురో అంతకన్నా తక్కువో ఉన్నప్పుడు కూతకొచ్చినవాణ్ణి పడగొడితే ఒకటికి బదులు రెండు పాయింట్లు. దీన్ని సూపర్ టాకిల్ అంటారు. పైగా ఆ ముగ్గురి మీద బోనస్ కూడా దొరకదు, దానికి ఎదుట కనీసం ఆరుగురు ఉండాలి. అందుకని ముగ్గురు మిగిలిన జట్టును చూసి జాలిపడకండి. నిజం చెప్పాలంటే భయపడవలసింది అప్పుడే.

మొత్తం ఏడుగురూ చస్తే ఆలౌట్. ఎదుటివాళ్ళకు రెండు పాయింట్లు అదనం. కాని ఆ వెంటనే చచ్చిన ఏడుగురూ లేచి వస్తారు! అందుకే తెలివైన జట్టు ఒక్కోసారి చివరివాణ్ణి చంపడానికి తొందరపడదు. అవతలి జట్టులో బాగా కూత పెట్టేవాడు బయట కూర్చున్నంతసేపూ వాళ్ళకు చేతులు కట్టేసినట్టే. ఇటుపక్క, మిగిలిన ఒక్కడు కావాలనే ఔటై, ఆ రెండు పాయింట్లు ఇచ్చేసి తనవాళ్ళందరినీ లోపలికి తెచ్చుకోవడమూ ఉంది. అప్పు చేసి ఎద్దుల్ని కొన్నట్టన్నమాట.

పవన్ సెహ్రావత్ సంగతి ఇక్కడ చెప్పాలి. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో భారత జట్టుకు అతనే కెప్టెన్. ఇరాన్‌తో 28-28 మీద, ఇంకా ఒక నిమిషం పైచిలుకు ఉందనగా అతను కూతకెళ్ళాడు. వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదానిలో పాయింటు తేవాలి, లేకపోతే ఔట్. ఇది ఆ మూడోది. ఎవరినీ తాకకుండానే పక్క గీత దాటాడు, పట్టేవాళ్ళూ వెంట దాటారు. ఏ నిబంధన వర్తిస్తుందన్న తగాదాతో ఆట చాలాసేపు ఆగిపోయింది. చివరికి 33-29తో స్వర్ణం మనకొచ్చింది.

అదే నెలలో విశాఖపట్నం పేరు మీద మొదలైన మన తెలుగు టైటాన్స్ జట్టు అతన్ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొనుక్కుంది. ఆ సీజన్లో 22 ఆటల్లో గెలిచినవి రెండే, 12 జట్లలో ఆఖరి స్థానం. అతనికి కూత రాక కాదు. నా లెక్కలో, అతను చచ్చినప్పుడు బతికించేవాళ్ళు వెనక లేరు. వెలంతా కూతకు పెట్టి, పట్టుకు పెట్టకపోతే అంతే మరి.

మా వీధిలో సాయంత్రాలు పిల్లల చేత ఆడిస్తున్నాను. అందులో ఒక కుర్రాడిది పాదరసం లాంటి కాలు. ఒకరోజు మొదట్లోనే ఔటై, గీత అవతల పది నిమిషాలు కూర్చుని, "నన్నెవరూ బతికించరు తాతా, రేపట్నుంచి రాను" అని వెళ్ళిపోయాడు. వారం రోజులు రాలేదు. నేను వాడి ఇంటికెళ్ళి బతిమాలలేదు. మిగిలిన వాళ్ళకు మడమ పట్టడం, ఇద్దరు చేతులు కలిపి గొలుసుగా అడ్డుకోవడం నేర్పాను. ఎవరు చెప్పారో గాని, ఎనిమిదో రోజున వచ్చి గట్టు మీద నిలబడి చూశాడు. ఆ మర్నాడు చొక్కా విప్పి బరిలోకి దిగాడు.

ఈసారి టీవీలో ఆట చూసేటప్పుడు పాయింట్లు కాసేపు పక్కన పెట్టి, లోపల ఎంతమంది ఉన్నారో, బయట కూర్చున్నది ఎవరో లెక్కపెట్టి చూడండి. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సెలవు.