ఊడిన పన్ను, నాటిన పన్ను



ఉగాది నాడు పంచాంగశ్రవణము, పద్యపఠనము జరుగవలసిన వేదికపై పళ్ల సంగతి ఏమిటని కొందరికి తోచవచ్చును. ఈ అంకులిలో మన తెలుగు కుటుంబములు చాలావాటిలో పెద్దలు ఇక్కడ, పిల్లలు విశాఖలోనో, హైదరాబాదులోనో, ఇంకా దూరముననో ఉన్నారు. పిల్లలు పండుగకు వచ్చి, తండ్రి బోసినోరు చూచి, “పన్ను నాటించుదాము, సెలవు పది రోజులున్నది, పదండి” అంటున్నారు. వారి ప్రేమను కాదనను. కాని ఆ పది రోజుల లెక్క సరియైనది కాదు. అది చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

ముందుగా, పన్ను ఊడుట వయసు ధర్మమనే నమ్మకమును విడువవలెను. పళ్లు పోవుటకు ముఖ్యకారణములు రెండు: పుచ్చు, చిగుళ్ల జబ్బు. మన ప్రాంతమున గుడాఖు, జర్దా, చుట్ట ఈ జబ్బును పెంచుచున్నవి. శ్రీకాకుళం వైపు నుండి వచ్చిన అడ్డపొగ అలవాటు, అనగా నిప్పు కొసను నోట పెట్టి చుట్ట కాల్చుట, అంగిలిలో కాన్సరుకు సైతము దారితీయును.

పన్ను పోయిన చోట ఖాళీ ఖాళీగా ఉండదు. ప్రక్క పళ్లు అటు ఒరుగును. ఎదుటి దవడ పన్ను ఆ సందులోనికి దిగును. దవడ ఎముక కరగును. పన్ను తీసిన మొదటి సంవత్సరములోనే ఎముక వెడల్పు సగము వరకు తగ్గవచ్చును. కనుక “తరువాత చూద్దాములే” అనుట మంచిది కాదు.

దీనికి మార్గములు మూడు. తీసి పెట్టుకొనే కట్టుడుపళ్లు ఒకటి. ప్రక్క పళ్లను అరగదీసి వాటి ఆధారముతో కట్టే వంతెన రెండవది. ఎముకలో టైటానియం మర బిగించి, దానిపై పన్ను నిలుపుట మూడవది. దీనినే ఇంప్లాంటు అంటారు.

ఈ మూడవ పద్ధతి కథ విచిత్రమైనది. 1950 తరువాతి సంవత్సరములలో స్వీడను దేశపు బ్రానెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరము అమర్చి రక్తప్రసారమును పరిశీలించెను. పని ముగిసి తీయబోగా అది రాలేదు. ఎముక దానిని తనలో కలుపుకొన్నది. 1965లో గోస్టా లార్సన్ అను రోగికి ఆయన ఈ పద్ధతిన పళ్లు అమర్చెను. లార్సన్ 2006లో మరణించువరకు, అనగా నలుబది ఏండ్లకు పైగా, అవి పనిచేసినవి.

ఇందులో గ్రహించవలసిన విషయమొకటి ఉన్నది. మరను బిగించువాడు వైద్యుడు, పట్టునది మన ఎముక. వైద్యుని పని ఒక్క పూటలో ముగియవచ్చును. ఎముక పని సాధారణముగా మూడు నుండి ఆరు నెలలు పట్టును. అటుపిమ్మటనే అసలు పన్ను పెట్టుదురు. “అదే రోజున పళ్లు” అను ప్రకటనలు అబద్ధమని చెప్పను. ఎముక బాగున్న కొందరికి తాత్కాలికపు పళ్లు అలా పెట్టవచ్చును. అయినను ఎముక తన గడువు తాను తీసుకొనక మానదు. ఆ నెలలలో కుట్లు చూచువారెవరు? మర కదలినచో ఎవరివద్దకు పోవలెను? విశాఖకు నాలుగైదు గంటల రైలు ప్రయాణము. పెద్దవారు ఒంటరిగా ఎన్నిసార్లు పోగలరు? ఈ ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతనే బయానా ఇవ్వవలెను.

పళ్లు రాలగొట్టుకొనుటకు ఏ రాయైతేనేమి అని సామెత. నాటించుకొనుటకు మాత్రము ఏ చేయి అయినను ఒకటి కాదు. ఎముక ఎంత ఉన్నదో స్కానింగు తీసి చూపించమనండి. చక్కెరజబ్బు అదుపులో ఉన్నదో లేదో ముందు పరీక్షించుకొనండి. ఎముకల బలమునకు వాడు మందులను, రక్తము పలుచన చేయు మందులను వైద్యునికి తప్పక చెప్పండి; వానిని మీ అంతట మీరు మానవద్దు. పొగ త్రాగువారికి ఇంప్లాంటు విఫలమగుట ఎక్కువ. పన్ను కృత్రిమమైనను చిగురు మనదే. రోజూ తోమకపోతే దాని చుట్టు చీము పట్టి, ఎముక కరిగి, మర ఊడిపోవును.

ఖర్చు సంగతి. పళ్లన్నీ పోయినవారు ముప్పదిరెండు మరలు వేయించుకోనక్కరలేదు. క్రింది దవడలో రెండే మరలు వేసి, వాటికి కట్టుడుపళ్లు తగిలించు పద్ధతి ఉన్నది. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున సమావేశమైన నిపుణులు బోసి క్రింది దవడకు ముందుగా ఎంచవలసినది ఇదేయని చెప్పిరి. కటకములో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉన్నది. విశాఖలోను దంతవైద్య కళాశాలలు ఉన్నవి. అటువంటి చోట్ల కూడ విచారించి నిర్ణయించుకొనండి. మంచి కట్టుడుపళ్లతో సుఖముగా తినుచున్నవారు ఇరుగుపొరుగును చూచి మార్చుకొనవలసిన పని లేదు.

యువకులారా, మీ తలిదండ్రులకు పది రోజుల సెలవుకంటె ఆరు నెలల తోడు ముఖ్యము. మీరు ఉండలేనిచో, వెంట పోవుటకు బంధువునో, ఇరుగుపొరుగువారినో ముందే కుదిర్చి పోండి. మన వీధిలో ఒకరికొకరము ఆమాత్రము చేయలేకపోము. పెద్దలారా, ఉన్న పళ్లను కాపాడుకొనండి. వాటిని మించినవి ఏ దేశమువారును ఇంతవరకు చేయలేదు.