అడిగి తీసుకున్న ముఖం



ఎవరి పేరున ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాష్టారు బతుకంతా ఫోటో స్టూడియోలోనే గడిపారు. వాకిట్లో అద్దాల బీరువా నిండా పెళ్ళికూతుళ్ళ ఫోటోలు, బోసినవ్వుల పసివాళ్ళ ఫోటోలు. వాటిలో ఒక్కటీ అడక్కుండా పెట్టింది కాదు. “ఫోటో నాదే గానీ, మొహం వాళ్ళది కదండీ” అనేవారు. చైనాలో ముఖమార్పిడి గురించి మాట్లాడబోతూ ఆ మాటనే చేతికర్రగా పట్టుకుంటున్నాను.

చైనాలోని సిచువాన్ నాటకంలో ‘బియన్ లియన్’ అనే విద్య ఉంది. నటుడు చెయ్యి అడ్డం తిప్పేలోగా ఎర్రముఖం పోయి నల్లముఖం వస్తుంది. ఆ ముఖాలన్నీ పల్చని గుడ్డ మీద వేసిన రంగులు. అది నా మొహమని తగువుకొచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. కంప్యూటర్‌తో చేసే మార్పిడిని అక్కడివాళ్ళు ‘హువాన్ లియన్’ అంటారు. ఇందులో తొడుక్కునేది బతికున్న మనిషి ముఖాన్ని.

2019 ఫిబ్రవరిలో ఒక వీడియో చైనా అంతా తిరిగింది. 1994 నాటి హాంగ్‌కాంగ్ సీరియల్ నాయిక ముఖం తీసేసి, నేటి తార యాంగ్ మీ ముఖం అతికించారు. జనం ముచ్చటపడ్డారు. ఆ ఆగస్టు చివర ‘జావో’ అనే యాప్ వచ్చింది. ఒక్క సెల్ఫీ ఇస్తే చాలు, సినిమా నాయకుడి స్థానంలో మీరుంటారు. కొద్దిరోజుల్లోనే అది చైనాలో ఐఫోన్ ఉచిత యాప్‌లలో మొదటి స్థానానికి ఎక్కింది. అప్పుడెవరో ఒప్పందం చదివారు. ఇచ్చిన ముఖం మీద యాప్‌కు శాశ్వత హక్కు, వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు, ఇంకొకరికి బదిలీ కూడా చేయవచ్చు! గోల లేచింది. యాప్‌తో సంబంధమున్న మోమో సంస్థను సెప్టెంబరు 3న ప్రభుత్వం పిలిపించి మాట్లాడింది. ఒప్పందం మార్చారు. అడగడమంటే చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం కాదని ఆ వారంలో చాలామందికి తెలిసింది.

మొహం చూసి డబ్బిచ్చే అలవాటు అన్ని దేశాల్లోనూ ఉంది. 2023 ఏప్రిల్‌లో చైనాలోని ఫూజౌ నగర వ్యాపారి ఒకాయనకు వీడియో కాల్ వచ్చింది. స్నేహితుడి ముఖం, స్నేహితుడి గొంతు. పది నిమిషాల్లో 43 లక్షల యువాన్లు పంపేశాడు. తరవాత అసలు స్నేహితుడికి ఫోన్ చేస్తే గుట్టు తెలిసింది. పోలీసులు, బ్యాంకు కలిసి 33 లక్షలకు పైగా ఆపగలిగారు.

చైనాలో చట్టం నిదానంగానైనా వచ్చింది. 2021 జనవరి 1న అమల్లోకి వచ్చిన పౌరస్మృతి ‘డీప్‌ఫేక్’ అనే ఈ కంప్యూటర్ నకలుతో ఒకరి రూపహక్కును దెబ్బతీయడాన్ని నిషేధించింది. 2023 జనవరి 10 నుంచి, ముఖాన్నో గొంతునో మార్చాలంటే ఆ మనిషి విడిగా ఒప్పుకోవాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి కృత్రిమ మేధతో తయారైనదానికి గుర్తు వేయాలి. అయితే ఆ 2023 నిబంధనలే వాడేవారి అసలు పేరూ వివరాలూ నమోదు చేయమంటాయి, దేశ ప్రతిష్ఠకు భంగమనుకున్నదాన్ని నిషేధిస్తాయి. ముఖానికి కాపలా కాసేవాడే నోటికీ కాపలా కాస్తున్నాడు. ఈ రెండోది మనం అరువు తెచ్చుకోనక్కర్లేదు.

దూరదేశపు కథ అనుకోకండి. 2023 నవంబరులో మన తెలుగు సినిమాల కథానాయిక రష్మిక ముఖాన్ని వేరొక స్త్రీ ముఖం మీద అతికించిన వీడియో అంతటా తిరిగింది. ఆ ఇద్దరిలో ఎవరినీ అడగలేదు.

మరి పోయినవాళ్ళను ఎలా అడుగుతాం? గాయకుడు, నటుడు ఛియావ్ రెన్‌ల్యాంగ్ 2016లో చనిపోయాడు. 2024 మార్చిలో ఎవరో ఆయన రూపాన్ని బతికించి మాట్లాడించారు. అభిమానం కొద్దీ చేశామన్నా తండ్రి ఒప్పుకోలేదు, తీసేయమన్నారు. మానిన పుండు రేగిందన్నది ఆయన బాధ. చనిపోయినవారి రూపానికి హాని జరిగితే భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు నిలదీయవచ్చని పౌరస్మృతిలోనే ఉంది.

ఈ వేదిక మీది మాష్టారి ఫోటోతో కూడా నాలుగు మాటలు చెప్పిద్దామని నిర్వాహకులు అనుకున్నారు. మంచి మనసుతోనే అనుకున్నారు. నేను వెళ్ళి అమ్మగారిని అడిగాను. ఆవిడ కాసేపు ఆ ఫోటోనే చూసి, “వద్దు నాయనా, ఆయనెప్పుడూ కెమెరా వెనకుండే మనిషి” అన్నారు.